కెన్యాలో విరిచిన మెటికలు

యాభై దాటినాక, బైబిలు సొంతంగా చదువుకోవాలని అక్షరాలు నేర్చుకున్నాను. పోయిన ఏడాది మా మదనపల్లె చర్చి వాళ్లతో పిల్లల సేవకు కెన్యా వెళ్లాను.

అక్కడి హాస్టల్లో ఒక చిన్న పాప నా ఒడిలో కూర్చుని అన్నం తినింది. ముద్దొచ్చి, మన ఇళ్లలో చేసినట్టే దాని చెంపలు నిమిరి, నా కణతలకు వేళ్లు ఆనించి పటపటా మెటికలు విరిచాను. పాప కెవ్వుమని అరిచి బల్ల కింద దూరింది. మిగతా పిల్లలూ ఏడుపు అందుకున్నారు.

మా పాస్టరమ్మ పరుగెత్తుకొచ్చింది. "మెటికలు విరిచినావా అక్కా? నువ్వు తల పగలగొట్టుకున్నావని జడుసుకున్నారు పిల్లోళ్లు!"

"దిష్టి తగల్తాదని విరిచినానమ్మా."

"దిష్టా? ప్రార్థన నేర్పను వచ్చి దిష్టి తీస్తాండావా! ఇంక పిల్లోళ్ల దగ్గరికి పోవద్దు, వంటింట్లో ఉండు."

నేను చేసింది తప్పో ఒప్పో అర్థం కాక వంటింటి గడప మీద కూర్చున్నాను. కాసేపటికి ఆ పాపే వచ్చింది. నా జుట్టు పక్కకు తీసి, కణతలు తడిమి, దెబ్బ ఎక్కడుందో వెతికింది. కనపడకపోయినా ఉఫ్ ఉఫ్ అని ఊదింది.

దెబ్బ తగల్లేదని చెప్పడానికి దాని భాష నాకు రాదు. అందుకే నొప్పి తగ్గినట్టు తల ఊపాను. పాప నవ్వి మళ్లీ నా ఒడిలోకి ఎక్కింది. నేను ఆడింది అబద్ధమో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకుండా ఉన్నాను.

– రత్నమ్మ, పుంగనూరు