పోయినామె పేర వచ్చిన చెక్కు

చొక్కాల మేస్త్రికి ఉత్తరాలు రావు. ఆయన భార్యకు వస్తాయి. ఆమె పోయి రెండేళ్లయినా ఆ సంగతి అప్పులిచ్చే కంపెనీ చెవిన పడలేదు. "ప్రియమైన మేడమ్, మీకు అప్పు సిద్ధంగా ఉంది" అంటూ నెలకో కవరు పంపుతూనే ఉంది.

మనిషి అక్షరం నేర్చింది సాటి మనిషిని పలకరించడానికా, పట్టుకోవడానికా అన్నది ఎడతెగని చర్చ. మేస్త్రి దాని జోలికి పోలేదు. నలభై ఏళ్లు కత్తెర పట్టిన చెయ్యి. ఎవరేమడిగినా కుదురుతుందనో కుదరదనో చెప్పి పంపడం అలవాటు. అందుకని ప్రతి ఉత్తరం కిందా కొలతలు రాసే నీలం పెన్సిలుతో, "అయ్యా, ఆమె కాలం చేసింది. మోకాళ్ల నొప్పులు తప్ప ఏ జబ్బూ లేదు. అనుకోలేదు" అని రాసి, జవాబుకని వాళ్లే జతచేసిన కవరులో తిప్పి పంపేవాడు. జవాబిచ్చే ఇల్లు దొరికిందని కంపెనీ సంబరపడిందో ఏమో, నెలకొకటి కాస్తా వారానికొకటి అయింది. తన మాట ఎవరో చదువుతున్నారనుకున్నాడు మేస్త్రి. ఇంట్లో ఆ మాట వినడానికి కుట్టుమిషను తప్ప ఎవరూ మిగల్లేదు మరి.

ముప్ఫయ్యో జవాబు తర్వాత, ఆమె పేర ఏకంగా చెక్కే వచ్చింది.

మేస్త్రి కళ్లు చెమర్చాయి. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఇద్దరి పేర్ల మీదా ఉన్న పాత పాసుబుక్కు పట్టుకుని బ్యాంకుకు వెళ్లాడు. కౌంటరులో అమ్మాయికి మొదటి గౌను కుట్టింది ఆయనే. చెక్కు తిప్పి చూసి ఆమె మొహం చిట్లించింది.

"ఎవరిచ్చారు బాబాయ్ ఇది?"

"కంపెనీవాళ్లమ్మా. మీ పిన్ని పోయిందని రాస్తే, పాపం, పరామర్శకి పంపారు."

"పరామర్శా! వెనకాల చీమ తలకాయంత అక్షరాలున్నాయి చూడు. ఇది ఖాతాలో వేశావంటే అప్పు తీసుకున్నట్టే. వడ్డీ చదివావంటే నీ కళ్లజోడు పగుల్తుంది."

మేస్త్రి నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"మరి నేను రాసినవి?"

"ఎవరు చదువుతారు బాబాయ్? ఏ ఇంటినుంచి కవరు తిరిగొచ్చిందో చూస్తారు, అంతే."

ఆమె చెక్కును అడ్డంగా చించి, ఒక ఫారం ముందుకు తోసింది. "ఈ పేరుకి ఇలాంటివి పంపొద్దని అప్పుల కంపెనీకి చెప్పే కాగితం. పెట్టు సంతకం. లేకపోతే రేపెవడో కవరు కొట్టేసి, పిన్ని పేర అప్పు లాగేస్తాడు."

పేరు గడిలో భార్య పేరు కాజా కుట్టినంత నెమ్మదిగా రాశాడు. కారణం గడిలో 'కాలం చేసింది' అని రాసి ఆగాడు. మోకాళ్ల సంగతికి అందులో చోటు లేదు.

"ఎన్నాళ్లకి ఆగుతాయమ్మా?"

"ఆరు వారాలు పట్టొచ్చు."

"అయితే ఇంకో ఆరు వస్తాయన్నమాట." చాలదనుకున్న గుడ్డ సరిపోతుందని తేలినట్టు ఆయన మొహం కాస్త తేటపడింది.

"వచ్చినా జవాబు రాయకు!"

"రాయనులేమ్మా," అన్నాడు పెన్సిలు జేబులో పెట్టుకుంటూ. "చదువుకుని ఊరుకుంటా."