కాలర్ సర్దుకున్న బంతి

ఈ మాట ఎన్నో ఏళ్లుగా నాలో అరగకుండా ఉండిపోయింది. మీతో చెప్పేస్తాను. ముందు నా తెలివితక్కువతనం ఒప్పుకోవాలి. ఒక మనిషి తన చొక్కా కాలర్ తాను సర్దుకుంటే, అది నా ఒక్కడి సొత్తనుకున్నాను.

రాయ్‌పూర్ రైల్వే కాలనీలో సైగల మధ్యే పెరిగాం. నాన్న పచ్చజెండా ఊపితే బండి కదిలేది. చుట్టాల ముందు అమ్మ ఖాళీ గ్లాసు బోర్లిస్తే, పాలు అయిపోయాయి, మీరు టీ అడక్కండని మాకు అర్థం. టాటీబంధ్ కూడలిలో లారీవాడు కుడి లైటు వేస్తే తానే తిరుగుతాడో, మనల్ని దాటి పొమ్మంటున్నాడో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.

మా కాలనీ క్రికెట్ జట్టులో నా స్నేహితుడు సూరి స్పిన్నర్, నేను కీపర్ని. అతని బంతి ఎటు తిరుగుతుందో బ్యాట్స్‌మన్‌కే కాదు, నాకూ అంతుపట్టేది కాదు. అందుకే ఓ ఒప్పందం చేసుకున్నాం: అతను కాలర్ సర్దుకుంటే గూగ్లీ, అంటే అనుకున్నదానికి ఎదురువైపు తిరిగే బంతి. వికెట్ పడితే చప్పట్లు అతనికి, మోకాళ్ల నొప్పి నాకు. అయినా బాధనిపించలేదు. అంత మైదానంలో ఆ రహస్యం మా ఇద్దరిదే కదా!

తర్వాత ప్రదీప్ వచ్చాడు. నాకన్నా చిన్నవాడు, పైగా వంగితే మళ్లీ లేవగలిగేవాడు. నన్ను బౌండరీ బయట కూర్చోబెట్టారు. అదీ మింగాను. కానీ ఓ సాయంత్రం సూరి ప్రదీప్‌ను చూస్తూ కాలర్ సర్దుకున్నాడు. వాడు తలూపాడు. చెవి ఉంది, ముక్కు ఉంది, టోపీ ఉంది. వేరే సైగే దొరకలేదా? కీపర్ మారితే సైగ మారాలని ఏ రూల్లో ఉంది? లేదు. మరి నాకెందుకంత మంట? పెళ్లాం పక్కింటివాడికి నా కంచంలో వడ్డించినట్టు ఎందుకనిపించింది?

రైల్వేలో ఆటగాళ్ల కోటా ఉద్యోగానికి సెలక్షన్ మ్యాచ్ పెట్టారు. సూరికి వయసు దాటిపోతోంది, అదే ఆఖరి అవకాశం. అవతలి జట్టులో బీర్‌గావ్ కుర్రాడొకడు ప్యాడ్లు కట్టుకుంటున్నాడు. వాడి పక్కకు వెళ్లి కాలర్ సంగతి చెప్పేశాను.

సూరి కాలర్ సర్దుకున్నప్పుడల్లా బంతి గోడ దాటింది. ఉద్యోగమూ దానితోపాటే దాటిపోయింది. ఇప్పుడతను ఉర్లాలో ఓ ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తున్నాడు.

మ్యాచ్ అయిన సాయంత్రం మోవాలో టీ బండి దగ్గర సూరి అడిగాడు.

"ఏట్రా భయ్యా, బాల్ పడకముందే వాడికి తెలిసిపోతంది! మన ఇషారా ఎవడో సెప్పేసినాడ్రా."

మన అన్నాడు. ఆ సైగ ఇంకా మనదే అన్నాడు. అప్పుడైనా నోరు విప్పి ఉండాల్సింది.

"ఎవరికి తెలుసేటి? నీకూ, నాకూ, ఆ ప్రదీప్‌గాడికీ," అన్నాను.

"వాడా? ఛ! వాడెందుకు సెప్తాడ్రా?"

"నాకేం తెలుసు యార్. నేను బయట కూర్చున్నోణ్ని."

సూరి టీ తాగలేదు. నిండు గ్లాసు బండి మీద పెట్టేసి వెళ్లిపోయాడు.

మీతో చెప్పాక కాస్త ఊపిరాడుతోంది. క్షమించమని అడగను, అడగాల్సింది మిమ్మల్ని కాదు. మిగిలింది కూడా చెప్పేస్తాను. తర్వాతి ఆదివారం మైదానంలో ప్రదీప్ నవ్వుతూ ఎదురొచ్చాడు. సూరి మొహం తిప్పుకున్నాడు. అతని పక్కనే నడుస్తూ, చేతులకు మళ్లీ కీపింగ్ గ్లౌజులు తొడుక్కుంటూ, నేనూ తిప్పుకున్నాను.