నీడలో ఇంకాస్త నీలం

ఆటని తయారుచేసినవాళ్ళు దానికి ఏ రంగులు పెట్టారో ఆ రంగుల్లోనే దాన్ని ఉండనివ్వడం బాలసుందరం మామ వల్ల కాదు. కొత్త ఆట తెరిస్తే జనం తుపాకీ ఎక్కడుందని చూస్తారు, శత్రువు ఎటునించి వస్తాడని చూస్తారు. మామ నీడలు చూస్తాడు. చూసి, నాలిక చప్పరించి, "ఈ నీడకి ప్రాణం లేదు" అంటాడు. ఆ మాట వినబడిందంటే ఇంకో గంటసేపు ఆ కంప్యూటర్ మీద ఎవరూ ఆడబోరని తొండియార్‌పేట మొత్తానికీ తెలుసు.

ఇప్పుడు మామ కంప్యూటర్లున్న గదిలో ఒకప్పుడు ముప్పై ఏళ్ళు ఫోటో స్టూడియో నడిచింది. మామ అందులో టచప్ మనిషి. సన్న కుంచెతో పెళ్ళికూతుళ్ళ కళ్ళకింది నలుపు తీసేవాడు, పెళ్ళికొడుకుల మొటిమలు పూడ్చేవాడు. కంప్యూటర్ వచ్చి ఆ పని ఊడ్చేసింది. మామ ఆరు కంప్యూటర్లు కొని, గేమింగ్ సెంటర్ అని బోర్డు కట్టి, వాటికే టచప్ మొదలుపెట్టాడు. కళ చావదని ఇక్కడ ఒక ఉపన్యాసం దంచొచ్చు కానీ, ఆ గదిలో ఫ్యాన్లు రెండే. ఉపన్యాసానికి గాలి చాలదు.

ఆయన టచప్‌కి పనిముట్టు మాడ్. ఆట మీద పరిచే పల్చటి రంగుటద్దం అనుకోండి. వెలుగుకొక స్లైడరు, నీడకొకటి, ఒక్కో రంగుకి ఒక్కోటి. చిక్కేమిటంటే, రంగులు పెంచితే నీడలు తారుడబ్బాలవుతాయి. నీడని తేలిక చేస్తే రంగులు నూరుసార్లు ఉతికిన లుంగీ అవుతాయి. ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఒక చోటుందని మామ నమ్మకం. ఆ చోటు వెతుకుతూ ఆయన మాటిమాటికీ వీధిలోకి పోయేవాడు.

వీధిలో అరుముగం ఆటో ఉండేది. మామ దాని పక్కన గొంతుక్కూర్చుని, బండి కింది నీడని కళ్ళు చికిలించి చూసేవాడు. లోపలికొచ్చి స్లైడరు రెండు గీతలు జరిపి, మళ్ళీ బయటికి. ఆటలు నేర్చుకుందామని వచ్చిన జెబ మొదటిరోజు చూసిన దృశ్యం ఇదే.

"అయ్యా, సవారి ఎక్కేసింది. నేను పోవాల," అంటున్నాడు అరుముగం.

"రెండు నిమిషాలుండప్పా. అంచు చూస్తా ఉండా."

వెనక సీట్లో ఆవిడ తల బయటపెట్టింది. "బండికి ఏమైంది?"

"బండికేం కాలేదమ్మా. ఆయన దీని నీడని ఆటలో పెట్టుకుంటాడు. కొంచేపు అట్నే కూర్చోండి."

మామ మోకాళ్ళు పట్టుకుని లేచాడు. అరుముగం ఒకే ఒక్కసారి హారన్ కొట్టాడు. పీడ వదిలిన సంతోషం కాబోలు అనుకుంది జెబ. హారన్‌తో బాటే లోపలున్న నలుగురి చేతులూ ఒక్కసారిగా మౌస్‌ల మీద కదిలాయి. ఆటలో ఏదో ముట్టడి కాబోలు అనుకుంది. మామ వచ్చి కుర్చీలో పడి, "నలుపు నీడ కాదు పాప్పా, నలుపు మసి. నీడలో నీలం ఉండాల," అని ఇంకాస్త నీలం పోశాడు.

ఎన్నూరు రోడ్డు మీద కంటైనర్ లారీ తోలే పాల్‌రాజ్, సెలవురోజున ఇక్కడికొచ్చి లారీ తోలే ఆట ఆడుకుంటున్నాడు. తెరవైపు చూసి నిట్టూర్చాడు. "మామా, ఇది రోడ్డా, సముద్రమా?"

"తోలు పా, నోరు మూసుకోని."

జెబకి ఇరవై ఏడేళ్ళు. షోళింగనల్లూరులో ఆటలు తయారుచేసే ఒక కంపెనీలో టెస్టర్‌గా కాంట్రాక్టు మీద చేరింది. రోజంతా ఆడి తప్పులు పట్టే ఉద్యోగం. ఆడటం రాదు, ఇంట్లో కంప్యూటర్ లేదు, అందుకని ప్రతి శనివారం మధ్యాహ్నం మామ దగ్గర ప్రాక్టీసుకి వచ్చేది. ఆయన ఎప్పుడూ నాలుగో నంబరు కంప్యూటరే ఇచ్చేవాడు. అయిదు కొట్టకముందే లేచిపోయేది. అమ్మ తిడతాదని చెప్పేది. అమ్మ ఆ వేళకి చర్చిలో పాటలు పాడుతూ ఉంటుంది, తిట్టే తీరికెక్కడిది?

అసలు సంగతి, చీకటి పడితే జెబకి మెట్లు కనపడవు, ఎప్పటినించో గుర్తు లేదు. ఆఫీసు క్యాబ్ దిగి, ఫోన్ టార్చి వేసుకుని, మెసేజీలు చూసుకుంటున్నట్టు నటిస్తూ సందు దాటేది. ఇంటికి పద్నాలుగు మెట్లు. లెక్కపెట్టుకుంటూ ఎక్కేది. ఇది ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే వాళ్ళ అవ్వ చెంగమ్మకి కూడా ఇలాగే మొదలైంది. ముప్పై దాటాక మసకవేళ తడుముకునేది, నలభై అయిదుకి పట్టపగలు మనవరాలి మొహం చేత్తో తడిమి గుర్తుపట్టేది. ఆ చేతివేళ్ళు జెబ బుగ్గలకి ఇంకా గుర్తు. రోజూ పడుకునేముందు గోడమీది క్యాలెండర్లో అంకెలు కనపడుతున్నాయా అని చూసుకునేది. కనపడితే, రేపు? అని భయం.

ఆఫీసులో ఆ భయానికి ఒక గుంట దొరికింది. కొత్త ఆటలో ఒక గుహ, గుహలో రెండు బండల మధ్య గుంట. అందరూ దూకి దాటారు. జెబ పడింది. మళ్ళీ పడింది.

టీం లీడ్ మధుసూదన్ గుంటూరు మనిషి, మర్యాదగా అడిగాడు. "జెబగారూ, రోజూ అదే గుంటలో పడుతున్నారేంటండీ?"

"కావాలనే సార్. టెస్టింగ్ గదా."

"బానే ఉందండి. వచ్చే నెల మొదటి సోమవారం ఈ గుహంతా ఆడి ఎవరి రిపోర్టు వాళ్ళివ్వాలి. పర్మనెంటు చేసేది దాన్నిబట్టే."

ఆ శనివారం మామ దగ్గర ఇంకో ఆటలో ఇంకో గుహ తెరిచి ఆడింది. మొదట రెండుసార్లు పడింది. తర్వాత, ఆశ్చర్యం, ప్రతి గుంటా కనపడింది, ప్రతి మెట్టూ కనపడింది. కళ్ళు బాగైపోయాయనుకుంది. ప్రభువుకి స్తోత్రం చెప్పేసింది కూడా. తర్వాతి వారం నాలుగో నంబర్లో ఎవరో కూర్చునుంటే రెండో నంబర్లో కూర్చుని అదే గుహ తెరిచింది. నల్లటి దుప్పటి. ఆ తెరలో ఆమెకి కనపడింది ఒక్కటే, తన మొహం.

అంటే నాలుగో నంబర్లో మాత్రమే ఏదో ఉంది. అంటే మామకి తెలుసు.

మామ వీధిలో ఆటో పక్కన కూర్చునే దాకా ఆగి, రెండో నంబర్లోంచే ఆయన సెట్టింగుల ఫోల్డరు తెరిచింది. పేర్లు వరుసగా ఉన్నాయి. 'పాల్‌రాజ్, హెడ్‌లైట్లకి కండ్లు మంట, తెలుపు తగ్గించాల.' 'బాలకృష్ణన్, ఎరుపూ పచ్చా ఒకటే, ఎరుపుని పసుపు చెయ్యాల, అడగరాదు, సిగ్గుపడతాడు.' ఆ సెంటర్‌కి వచ్చే ప్రతి మనిషికీ ఒక ఫైలు, ప్రతి ఫైల్లో ఆ మనిషి కళ్ళు. వాటి కింద 'జెబ 1', 'జెబ 2', 'జెబ 3'. ఇరవై ఆరు దాకా.

బయట హారన్ మోగింది. జెబ ఫోల్డరు మూసేలోగా మామ వెనక నిలబడి ఉన్నాడు.

"మా అమ్మకి చెప్పినారా?" అంది జెబ.

"ఏం చెప్పేది?"

"నా కండ్లు పోతా ఉండాయని."

మామ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "నువ్వొచ్చిన మొదటి వారమే చూసినా. వెలుతుర్లో ఎదురుగా వొచ్చే రాక్షసుడికి నువ్వు బెదరవు, నీడలో ఉండే మెట్టుకి బోర్లా పడతావు. ఇదేందిరా అని, ప్రతి శనివారం నా కుర్చీలోనించే నీ నీడని కొంచెం కొంచెంగా దించినా. నువ్వు పడేదాకా దించి, మళ్ళీ ఎత్తి, ఏ నంబరు కాడ నిలబడినావో రాసుకున్నా."

"ఎందుకు?"

"పోయే కన్నయితే నంబరు పెరగతా రావాల గదా. మొదటి వారం నలభై రెండు. పోయిన వారం నలభై రెండు. నడాన ఒకసారి నలభై నాలుగు. ఆ వారం నీకు జలుబు." మామ తెర మీద వేలు పెట్టి పైనించి కిందికి గీసి చూపించాడు. "ఆర్నెల్లు పాప్పా. ఒక్క గీత కదల్లా. యాడికీ పోవడంలా నీ కండ్లు."

జెబ ఆ నంబర్లని తనూ ఒకసారి పైనించి కిందికి చదివింది.

"డాక్టర్‌కి చూపించు," అన్నాడు మామ.

"భయం మామా. ఆయనేం చెప్తాడో."

"అది నిజమే. నేను పన్నెండేండ్లుగా అందుకే పోలా."

"మీకేమైంది?"

"నాకేం కాలా. ఊర్లో రంగులన్నీ వెలిసిపోయినాయి, అంతే."

జెబ ఆయన కళ్ళలోకి మొదటిసారి సరిగ్గా చూసింది. రెండు కళ్ళ మధ్యలోనూ మజ్జిగచుక్క లాంటి తెలుపు.

"మీరొస్తే నేనొస్తా," అంది.

మామ ఒక్కో ఫైలూ తెరిచి మూశాడు. ఒక స్లైడరు జరిపి వెనక్కి పెట్టాడు. "శనివారం సెంటర్ ఎవరు చూస్తారు?" అన్నాడు.

"నేను చూస్తా," అన్నాడు పాల్‌రాజ్ తెరమీంచి కళ్ళు తిప్పకుండా. అందరూ ఇందాకటినించీ వింటూనే ఉన్నారు.

అరుముగం ఆటోలోనే పోయారు. "ఈ బండి కదిలేదాన్ని నువ్వు లోపల్నించి చూడటం ఇదే మొదలు," అన్నాడు అరుముగం. మామ నవ్వలేదు. దారి పొడుగునా కడ్డీ పట్టుకునే ఉన్నాడు.

ఆసుపత్రిలో చుక్కలేసి, కళ్ళు మూసుకుని కూర్చోమన్నారు. ఇద్దరూ పక్కపక్కన, గోడకానుకుని.

"మామా, ఉండారా?"

"ఉండా. నువ్వు?"

"లేచి పోదామా?"

"దావ కనపడితే ఎప్పుడో పోయుంటా."

డాక్టర్ షాలిని జెబ కళ్ళు గంటసేపు చూసింది. ఏవేవో పరీక్షలు చేసింది. మామ ఫైళ్ళలోంచి జెబ రాసుకొచ్చిన ఇరవై ఆరు నంబర్ల కాగితం చూసి, ఇది ఎవరు తీసిన టెస్టని అడిగింది. ఆటల షాపు మామ అని చెబితే, కాగితాన్ని ఇంకోసారి చదివింది. పుట్టుకతో వచ్చిన రేచీకటి, అలాగే ఉంటుంది, పెరగదు, అవ్వది వేరే రకం అయ్యుండాలి అంది. జెబ కూర్చున్న కుర్చీ చేతులు వదలడానికి వేళ్ళు ఒప్పుకోలేదు.

తర్వాత మామ కళ్ళలోకి లైటు వేసి ఆవిడ వెనక్కి జరిగింది. "రెండు కళ్ళకీ పొర ముదిరిపోయి ఉండాది. ఈయన ఏం పని చేస్తారు?"

"అందరి రంగులూ సరిచేస్తారు," అంది జెబ.

"ఈ కండ్లతోనా?"

"నాకెందుకు కనపడాల?" అన్నాడు మామ రోషంగా. "పడింది ఆ పిల్ల గదా. నేను నంబరు రాసినా."

పరీక్ష సోమవారం జెబ గుహలోకి పోయింది. అదే గుంటలో పడింది. ఈసారి కావాలనే పడ్డానని కప్పిపుచ్చలేదు. రిపోర్టులో రాసింది: 'ఈ గుంట నాకు కనపడదు. నాకు రేచీకటి ఉంది. నాలాంటివాళ్ళు ఇక్కడ ఆట మానేస్తారు. నీడని ఎత్తే స్లైడరు కావాలి. నాకైతే నలభై రెండు దగ్గర సరిపోతుంది.' పంపాక బాత్రూంలోకి పోయి తలుపేసుకుంది. ఉద్యోగం పోతే అమ్మకి ఏం చెప్పాలో అక్కడే తయారుచేసుకుంది.

బయటికొస్తే మధుసూదన్ ఆమె కుర్చీ దగ్గరే నిలబడి ఉన్నాడు. "పదకొండు మందిమి ఆడామండీ. ఒక్కరం కూడా ఇది రాయలేదు. సరే గానీ, ఈ నలభై రెండు అంత కచ్చితంగా ఎట్లా చెప్పారు?"

"మాకాడ ఒక టచప్ మనిషి ఉండాడు సార్," అంది. పర్మనెంటు కాగితం నెలాఖరుకి వచ్చింది.

మామకి రెండు కళ్ళకీ ఆపరేషన్ అయ్యాక, నల్ల కళ్ళజోడుతో సెంటర్‌కి వచ్చిన రోజున లోపల అందరూ బిగుసుకుపోయారు. మామ కళ్ళజోడు తీశాడు. ఒకటో నంబరు చూశాడు, రెండు చూశాడు, ఆరూ చూశాడు. లారీ ఆటలో రోడ్డు నీలం, చెట్లు నీలం, పాల్‌రాజ్ లారీ కింద నీలిమందు పీపా పగిలినంత నీడ.

"ఎవుర్రా ఇట్లా చేసింది?"

మామ చక్కా వీధిలోకి పోయి ఆటో పక్కన కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు. నీడలో నీలం నిజంగానే ఉంది. కానీ రవ్వంతే ఉంది. లోపలికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "ఇన్నేండ్లు దీన్ని ఎట్లా ఓర్చుకున్నార్రా మీరు? ఒక్కడన్నా చెప్పుండొచ్చు గదా?"

పాల్‌రాజ్ గొంతు సవరించుకున్నాడు. "ఓర్చుకోలా మామా. నువ్వు బయటికి పోయినప్పుడల్లా నీలం దించేసుకుంటాం. నువ్వు లేచినావని అరుముగం హారన్ కొడితే, మళ్ళీ ఎత్తి పెట్టేస్తాం. నీడ మీద మటుకు ఎవురం చెయ్యెయ్యలా. అది మాకు సరిగ్గా కుదిరింది."

మామ గుమ్మంవైపు తిరిగాడు. అరుముగం ఆటో అద్దం తుడవడంలో మునిగిపోయాడు. జెబకి గుహలన్నీ నీలంగా ఉంటాయని ఆర్నెల్లు ఎందుకనిపించిందో ఇప్పుడు తెలిసింది. ఈ రహస్యం ఆమెకొక్కదానికే ఎవరూ చెప్పలేదు.

మామ సాయంత్రం దాకా కూర్చుని ఆరింట్లోనూ నీలం తగ్గించాడు. అయిదు దాటినా జెబ లేవలేదు. అరుముగం ఇంటిదాకా దింపుతానన్నాడు. అంతా అయ్యాక మామ నాలుగో నంబరు ముందు తల వాల్చి చూసి, నాలిక చప్పరించాడు.

"ఒక్కసారి పొయ్యి చూసొస్తా," అని వీధిలోకి పోయాడు.

కాసేపటికి హారన్ మోగింది. ఈసారి జెబతో కలిపి ఆరుగురి చేతులూ మౌస్‌ల మీదికి పోయాయి.