పుట్టింటి చీర వచ్చేదాకా

హన్నెకె అనే పేరు పేరేసంద్రలో ఎవరి నోటా తిరగలేదు. హన్నమ్మ అన్నారు, ఆమె పలికింది. హాలండ్‌లో పూలు పండించే ఇంట పుట్టిన మనిషి. గులాబీల షెడ్డులో పని నేర్పడానికి ఏడాదికని వచ్చి, అక్కడి సూపర్‌వైజర్ ధనుంజయను చేసుకుని ఉండిపోయింది. అది రెండువేల సంవత్సరం మాట.

అత్త అక్కయమ్మకు ఆ పెళ్ళి గొంతులో ముల్లు. తెల్లతోలు పిల్ల అని కాదు. భూమీపుట్రా ఉన్న ఇంటి కోడలు తెల్లారకముందే ప్యాంటు తొడుక్కుని, కూలి ఆడవాళ్ళతో కలిసి మొగ్గలు కోయడానికి పోతుందని.

"దొరసాని వస్తాదనుకుంటే కూలిది వచ్చె," అని వినబడేటట్టే అనేది.

"కూలిదాన్నే అత్తా. చేతులు చూడు," అని హన్నమ్మ ముళ్ళు గీరిన అరచేతులు చాపేది. తెలుగు ఆ కూలి ఆడవాళ్ళ దగ్గరే నేర్చింది. తిట్లు కూడా బాగానే వచ్చు.

భాను పుట్టాక అక్కయమ్మ కాస్త మెత్తబడింది. బాలింత మూడో నెలకే పనికి పోతానంటే తిట్టింది. తిడుతూనే బిడ్డను చంకనేసుకుని పాలకు షెడ్డు దగ్గరికి మోసుకుపోయేది. ఊరి నోళ్ళు మాత్రం మూతపడలేదు. బొట్టు పెట్టదు, గడపకు పసుపు రాయదు, ఆ ఇంటికి శాస్త్రమే లేకుండా పోయిందని.

రెండువేల ఎనిమిది ఆషాఢంలో, హైవే దాటుతున్న ధనుంజయను లారీ కొట్టేసింది.

మొగుడు పోయిన ఆడది ఆ ఇళ్ళలో మూల కూర్చుంటుంది. పదకొండో నాడు పుట్టింటివాళ్ళు చీర తెచ్చి కప్పితేనే లేచి గడప దాటాలి. అక్కయమ్మ మూల కూర్చున్ననాడు కెంచార్లహళ్ళి నుంచి ఆమె అన్నలు బండి కట్టుకుని వచ్చారు. హన్నమ్మ పుట్టిల్లు సముద్రాల అవతల. తల్లి ఆసుపత్రిలో ఉంది, ఆమె కోలుకోగానే వస్తానన్నాడు తమ్ముడు.

పదకొండో నాడు షెడ్డులో పనిచేసే శశికళ నలుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని చీరతో వచ్చింది.

"మమ్మల్నే ఆయమ్మకి పుట్టింటోళ్ళు అనుకోమ్మా. దినామూ ఒక గిన్నెలో తిన్నోళ్ళం."

అక్కయమ్మ మరిది ఆంజనేయప్ప కూడా, "కానియ్యి వదినా, ఎవురో ఒకరు కప్పితే తీరిపోతాది," అన్నాడు.

అక్కయమ్మకు ఒళ్ళు మండింది. "నా కోడలు దిక్కులేనిదనుకుంటిరా? కూలోళ్ళ చీరతో లేచే గతి ఈ ఇంటికి రాలా. తమ్ముడుండాడు, వస్తాడు."

శశికళ చీర మడత విప్పకుండానే వెనక్కి తీసుకుపోయింది.

ఇరవయ్యో నాడు మూలలోనుంచి హన్నమ్మ మెల్లగా అంది. "అత్తా, నా వీసా ఈ నెలతో అయిపోతాది. చిక్కబళ్ళాపురం కచేరికి పోవల్ల."

"కాగితం యాడికి పోతాదే? నాలుగు దినాలు ఆలస్యమైతే కొంప మునగదు. నా కొడుక్కి ఈ ఒక్క శాస్త్రమన్నా సరింగా చెయ్."

ఎనిమిదేళ్ళలో అత్తకు ఎదురు చెప్పనిది హన్నమ్మ ఆ ఒక్కసారే. మోకాళ్ళ మీద గడ్డం ఆనించి గోడవైపు తిరిగి కూర్చుంది.

తమ్ముడు వచ్చి చీర కప్పేసరికి రెండు నెలలయింది. మరునాడే కచేరికి పోయారు. గడువులోపల వచ్చి ఉంటే ఏదో ఒక దారి చూసేవాళ్ళమనీ, ఇప్పుడు దేశం విడిచిపోయి అక్కడినుంచే కొత్తగా అర్జీ పెట్టుకోవాలనీ చెప్పారు. భానుకు పాస్‌పోర్టు లేదు. ఏడేళ్ళ పిల్లను అవ్వ దగ్గర వదిలి హన్నమ్మ తమ్ముడి వెంట పోయింది. పోతూ అత్తను ఒక్క మాట అనలేదు. అని ఉంటే అక్కయమ్మ ఎదురు తిట్టి బతికిపోయేది.

అక్కడ మళ్ళీ పూల షెడ్డులోనే పనికి చేరింది. ప్రతి ఆదివారం ఫోను. పెట్టిన అర్జీ తిరిగొచ్చింది, మొగుడు లేనప్పుడు ఏ కారణం మీద పోతావని. రెండోదీ తిరిగొచ్చేసరికి రెండేళ్ళు దాటింది. భాను మొదట "ఎప్పుడొస్తావమ్మా" అని అడగడం మానేసింది. తరువాత ఫోను దగ్గరికి రావడమే మానేసింది.

భాను అలా రాని ఒక ఆదివారం అక్కయమ్మ నడిచి శశికళ ఇంటికి పోయింది, పుట్టి బుద్ధెరిగి తొక్కని గడపకు.

"మీ కొడుకు పునీత్ పాస్‌పోర్టు అర్జీలు రాస్తాడంట గదా. భానుకి రాయించు."

"పిల్లను పంపిచ్చేస్తే నీకెవురమ్మా?"

"అది అడిగించుకునేదానికి రాలా. రాస్తాడా, రాయడా?"

శశికళ చాప పరిచింది. "కూచో. పిలుస్తా."

అక్కయమ్మ కూర్చుంది. ఇచ్చిన నీళ్ళు తాగింది.

ఐదు నెలల తరువాత మేనమామ వచ్చి భానును తీసుకుపోయాడు. రెండోనాడు మధ్యాహ్నం ఫోను మోగింది.

"అత్తా, పాప చేరింది. నన్ను చూసి, అవ్వ చెప్పినంత తెల్లగా లేవే అనింది. ఇప్పుడు నిద్రపోతాండాది."

ఈ ఐదు నెలలూ అక్కయమ్మ ఒక మాట కూడబెట్టుకుంది, ఆ నాడు చీర తిప్పి పంపింది నేను, తప్పు నాది అని. నాలుక చివరిదాకా వచ్చింది.

"ఆడ చలంట గదా," అంది. "దానికి చెవులు కప్పు."