బల్లకి గంజి పెట్టిన శనివారం

అప్పట్లో మాకు తెలిసిన గుడ్డలన్నిటికీ ఒకటే వైద్యం. ఉతకడం, గంజి పెట్టడం, ఇస్త్రీ చేయడం. పంచె కానీ, దుప్పటి కానీ, పెళ్లికి కట్టుకెళ్లే చీర కానీ, ఈ మూడూ అయ్యాకే నలుగురిలోకి వచ్చేవి. ఈ పద్ధతికి లొంగని గుడ్డ ఒకటి లోకంలో ఉంటుందని నాకు ఇరవై మూడేళ్లు వచ్చేదాకా తెలియదు. అది ఆకుపచ్చగా ఉంటుంది, రాతిపలక మీద బిగించి ఉంటుంది, దాని మీద బంతులు దొర్లుతాయి. దానికి నేను చేసిన వైద్యం గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను.

డిగ్రీ పూర్తయి, రాసిన పోటీ పరీక్షల్లో ఒక్కటీ నన్ను కోరుకోక, అనకాపల్లిలో మా అక్క ఇంట్లో ఉంటున్నాను. అక్క భర్త, అంటే మా బావ, అప్పుడే బెల్లం మార్కెట్‌కి వెళ్లే దారిలో ఒక కొట్టు మేడ మీద గది తీసుకుని, విశాఖలో మూతపడిన ఒక క్లబ్బు నుంచి పాత పూల్ బల్ల తెచ్చి, డబ్బులకి ఆడించడానికి పెట్టాడు. దాన్ని మెట్లెక్కించడానికి పదిమంది కలాసీలు కావలసి వచ్చారు. రోజూ బెల్లం దిమ్మలు మోసేవాళ్లే అయినా, దాన్ని దించాక గోడకి చేరబడిపోయి, "ఇంత బరువు మోయించింది ఆడుకోడానికేటి బాబూ?" అని అడిగారు. బావ నవ్వాడు. ఏ ప్రశ్నకైనా ఆయన ముందు నవ్వి తర్వాత జవాబు వెతుక్కునేవాడు. (చాలాసార్లు వెతుక్కోవడం మరిచిపోయేవాడు.) ఆయన పోయి మొన్నటికి ఏడాది. ఆయన గురించి నాలుగు మాటలు రాద్దామనే కూర్చున్నాను కానీ, కూర్చున్నాక గుర్తొస్తున్నవన్నీ నవ్వించేవే.

ఎప్పుడు చూసినా ఏదో ఒకటి చదువుతూ ఉంటానని బావ నన్ను "పుస్తకం" అని పిలిచేవాడు. బల్లతోపాటు ఇంగ్లీషులో అచ్చేసిన కాగితం ఒకటి వచ్చింది. "ఒరే పుస్తకం, ఇది సదివి, ఈ గుడ్డనేటి సెయ్యాలో సెప్పు" అని నా చేతిలో పెట్టాడు. చదివి చెప్పాను. రోజూ మెత్తని బ్రష్షుతో దులపాలి, ఒక కొస నుంచి రెండో కొసకి తిన్నగా దులపాలి, గుండ్రంగా తిప్పకూడదు, అప్పుడప్పుడు వేడి తక్కువ చేసి ఇస్త్రీ పెట్టాలి. బల్లకి ఇస్త్రీ అనగానే బావ మళ్లీ నవ్వాడు కానీ, కాగితం చెప్పింది నిజమేనని పది రోజుల్లో తెలిసింది. ఆడేవాళ్లు కర్ర మొనకి రాసుకునే నీలం సుద్ద పొడిగా రాలి ఆ ఊలు గుడ్డ నూగులోకి దిగిపోతుంది. ఒక పూట దులపకపోతే బంతి బరువెక్కినట్టు నడుస్తుంది. అడ్డదిడ్డంగా దులిపితే, మెల్లగా వదిలిన బంతి చివరి జానెడు దూరంలో మనసు మార్చుకుని పక్కకి పోతుంది. అందుకని పొద్దున్నే తలుపు తీసి బల్ల దులపడం నా ఉద్యోగమైంది. నాకు దొరికిన మొదటి ఉద్యోగం అదే కాబట్టి శ్రద్ధగా చేశాను.

నా శ్రద్ధ పనిచేయని చోటు ఒకటుండేది. కిటికీ వైపు, బల్ల ఎడమ మూల, అరచేయంత మేర. అక్కడికి వచ్చిన బంతి చటుక్కున నెమ్మదించి గోడ వైపు తిరిగేది. ఎంత దులిపినా అంతే. దానికి కారణం నాకూ బావకీ తెలుసు, మూడో మనిషికి తెలియకూడదు. కారణం పేరు కాటా మామ.

కాటా మామ మాకు ఆ గది అద్దెకిచ్చిన ఆసామి. కింద కొట్టు ఆయనదే, బెల్లం వ్యాపారం. తూకం వేసేటప్పుడు పళ్లెం మీద ఈగ వాలినా అది ఎగిరిపోయేదాకా ఆగేవాడని ఆ పేరు వచ్చింది. వీధంతా ఆయన్ని మామా అనే పిలిచేవారు, భయపడేవారు కూడా. ఆయన రోజూ మధ్యాహ్నం మార్కెట్ సద్దుమణిగాక వెనక మెట్ల మీదుగా పైకి వచ్చి, తలుపు గడియ వేయించి, పంచె ఎగ్గట్టి బావతో ఒక ఆట ఆడేవాడు. మొదటి రోజే మాకు చెప్పేశాడు. "ఇదిగో, నేను గది ఎలాగున్నాదో సూడ్డానికొచ్చేను. ఆడ్డానిక్కాదు. ఎవులడిగినా అదే మాట." ఆరు నెలలు రోజూ ఆయన గది ఎలా ఉందో చూశాడు. పొద్దున్నించీ దిమ్మలు విరగ్గొట్టి రుచి చూసిన చెయ్యి, కడగకుండా ఆ మూలే ఆనించి, గురి చూసి కొట్టేవాడు. చెయ్యి కడుక్కోమని ఆయనకి చెప్పగల మనిషి అనకాపల్లిలో అప్పటికి పుట్టలేదు.

ఇంతలో చెరుకు గానుగలు మొదలయ్యే రోజులు దగ్గరపడ్డాయి. సరుకు పెట్టుకోడానికి చోటు చాలక, పక్క కొట్ల వ్యాపారులు మామ మీద పడ్డారు. "అంత గది పెట్టుకుని కుర్రోళ్ల గోలీలాటకిచ్చేవేటి మామా! ఖాళీ సేయించు, దిమ్మలెట్టుకుందుం" అన్నారు. తనూ ఆడుతున్నానని మామ చెప్పలేడు. వద్దనడానికి కారణమూ చూపించలేడు. చివరికి తెలివైన పని చేశాననుకుని అందరి ముందూ ఒక మాట అన్నాడు. "మా మేనల్లుడు విశాఖలో కాలేజీ తరపున ఈ ఆటే ఆడతాడు. ఆదివారం వత్తాడు. ఆడి సూసి, బల్ల బాగున్నాదంటే గది వీళ్లది. పనికిరాదంటే సోమవారం దిమ్మలెక్కుతాయి." ఆ మాట అంటూ మా వైపు చూడలేదు. బావ ఆ రోజు నవ్వలేదు. అంతకు ముందు ఆయన పెట్టిన టైపు ఇన్‌స్టిట్యూటూ, పాల కేంద్రమూ రెండూ మూతపడ్డాయి. "ఈ గది కూడా పోతే మీ అక్కకి మొహం సూపించలేన్రా పుస్తకం" అన్నాడు.

అప్పుడు నేను కాగితం మళ్లీ తీశాను. ఇస్త్రీ అని స్పష్టంగా ఉంది, ఎంత వేడి ఉండాలో కూడా ఉంది. కానీ ఇస్త్రీ ముందు గంజి గురించి ఒక్క ముక్క లేదు. నేను దాని గురించి ఆలోచించాను. (నా జీవితంలో జరిగిన పొరపాట్లలో చాలావాటికి ముందు ఈ వాక్యం ఉంటుంది.) గంజి లేకుండా ఇస్త్రీ ఎక్కడైనా ఉందా? అందరికీ తెలిసిన సంగతే కదా అని రాయడం మానేసి ఉంటారు. వంటల పుస్తకంలో పొయ్యి వెలిగించమని రాస్తారా? ఈ తర్కం బావకి వినిపించాను. "సదువుకున్నోడివి, నీకు తెలవదేటి" అన్నాడు. ఆ నమ్మకం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

శనివారం పొద్దున్న అక్కని గంజి అడిగాం. "దేనికిరా అంత గంజి?" అంది.

"బల్లకి" అన్నాడు బావ.

"బల్లకేటి, మీకేటైనా పిచ్చా?"

"అక్కా, కాగితంలో ఉంది" అన్నాను. లేదు కదా, అయినా అన్నాను. అక్క చదువుకి గౌరవం ఇచ్చే మనిషి. ఎసట్లో నాలుగు గుప్పెళ్ల బియ్యం ఎక్కువ పోసి, చిక్కగా వార్చి, గుడ్డలో వడకట్టి ఇచ్చింది. నీలిమందు కలపనా అని కూడా అడిగింది. గుడ్డ తెల్లది కాదు కాబట్టి వద్దని చెప్పి, ఎంత జాగ్రత్త గల మనిషినో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

గంజి పల్చన చేసి, చేత్తో చిలకరించి, తడిగుడ్డతో ఆ కొస నుంచి ఈ కొసకి తిన్నగా, ఎక్కడా గుండ్రంగా తిప్పకుండా పరిచాను. కిటికీ మూల మీద ప్రత్యేకంగా రెండు సార్లు రుద్దాను. ఆ మూలలో ఆరు నెలలుగా పేరుకున్న బెల్లమంతా గంజిలో కరిగి బల్ల పొడుగునా నా చేతిమీదుగా ప్రయాణం చేస్తోందని నాకు తట్టలేదు. తర్వాత ఇస్త్రీ. గుడ్డ మృదంగం మూతలాగా బిగిసింది. బావ తెల్ల బంతి తీసి వదిలాడు. అది తిన్నగా వెళ్లి, అంచుకి కొట్టుకుని, తిన్నగా వెనక్కి వచ్చి, ఇంకోసారి కూడా వెళ్లొచ్చింది. మూల దగ్గర కూడా తిరగలేదు. బావ నన్ను ఎత్తుకుని గదంతా తిప్పాడు. "గాజు మీద నడిసినట్టున్నాదిరా! ఆ మేనల్లుణ్ని రమ్మను!"

మేనల్లుడి కంటే ముందు మబ్బు వచ్చింది. ఆదివారం పొద్దున్నే ముసురు పట్టింది. ముసురులో బెల్లం చెమరుస్తుందని అనకాపల్లిలో నడక నేర్చిన పిల్లలక్కూడా తెలుసు. మేము తలుపు తీసేసరికి బల్ల చెమర్చి ఉంది. దాని మధ్య నుంచి చీమల బారు ఒకటి, నేను గంజి పరిచిన దారి వెంటే, ఎక్కడా వంకర లేకుండా నడుస్తోంది. బ్రష్షు తీశాను. బ్రష్షు అంటుకుపోయింది. కిందనుంచి మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపిస్తోంది.

ముందు మేనల్లుడు, వెనక మామ, ఆయన వెనక ఆరేడుగురు వ్యాపారులు. మేనల్లుడు సొంత కర్ర సంచీలోంచి తీసి, రెండు ముక్కలూ బిగించి, వంగి, అందంగా ఒక దెబ్బ కొట్టాడు. తెల్ల బంతి బయలుదేరింది. సగం దారిలో నడక తగ్గింది. చప్‌మని చిన్న చప్పుడు చేసి బల్ల మధ్యలో ఆగిపోయింది, ఒంటినిండా చీమలతో. అతను బంతిని తీయబోతే గుడ్డ కూడా కొంచెం లేచింది.

"మామయ్యా, ఇది ఆడే టేబుల్ కాదు" అన్నాడు. "ఎవరో తీపి చేతులతో ఆడారు. రోజూ ఆడుతున్నారు."

"ఎవులిదిరా ఆ తీపి సెయ్యి?" అని ఒక వ్యాపారి అన్నాడు. అందరూ నవ్వారు. బావ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మామ బల్ల దగ్గరికి వెళ్లాడు. ఆ తర్వాత జరిగింది ఆయన అనుకుని చేసింది కాదు. నలభై ఏళ్ల అలవాటు. వేలు గుడ్డ మీద రాసి, నాలిక మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని, వేలంపాటలో చెప్పినట్టు గట్టిగా చెప్పేశాడు. "కశింకోట సరుకు. రవ్వంత ఉప్పు. మొన్న నా కొట్లో దించిందే."

వ్యాపారుల్లో ఒకాయన మెల్లగా, "మామా, ఆ సరుకు ఇంకా పాటకి రానేదు కదా. దాన్ని ఇరగ్గొట్టి రుసి సూసింది నువ్వొక్కడివే" అన్నాడు.

మామ మొహం చూడలేకపోయాను. బావ గోడ దగ్గర్నుంచి ముందుకి వచ్చాడు. "నేనే మామా. కొట్లోకొచ్చి ముక్క నోట్లో ఏసుకుని, సెయ్యి కడక్కుండా ఆడేసేను. తప్పు నాది." (బావకి షుగరు. టీలో పంచదార వద్దని ఆయన అరిచే అరుపు వీధి చివరకి వినిపించేది. అంత పనికిరాని అబద్ధం ఆ మార్కెట్‌లో ఎవరూ విని ఉండరు.) అందరి చూపులూ బావ దాకా వచ్చి, ఆగకుండా మళ్లీ మామ మీదికే వెళ్లాయి.

మామ పైపంచెతో వేలు తుడుచుకున్నాడు. "ఆడికి బెల్లమేటి, సాల్లే" అన్నాడు. "నేనే. రోజూ ఆడతన్నాను. బాగున్నాది. గుడ్డ పాడు సేసింది నేను కాబట్టి కొత్త గుడ్డ నేనే ఏయిత్తాను. గది వీళ్లదే. దిమ్మలు మీ ఇళ్లల్లో ఎట్టుకోండి." ఇందాక తీపి చెయ్యి ఎవరిదని అడిగిన వ్యాపారే ముందుకొచ్చి, "కర్ర ఎలాగ పట్టుకోవాలి మామా?" అని అడిగాడు.

మామ దిగి వెళ్తూ వెళ్తూ బల్లని ఇంకోసారి కొస నుంచి కొసకి చూశాడు. "ఒక్క సెయ్యి ఇంత బల్లనీ పాడు సేసిందేట్రా?" అన్నాడు ఆశ్చర్యంగా. నేను నోరు తెరిచాను. బావ నా కాలు తొక్కాడు. ఆ సాయంత్రం గుడ్డ ఊడదీసేటప్పుడు కాగితం మళ్లీ చూద్దామని తీస్తే, దానికి వెనక వైపు కూడా అచ్చు ఉందని తెలిసింది. మొదటి వాక్యం, గుడ్డకి ఎట్టి పరిస్థితుల్లోనూ తడి తగలనివ్వరాదని. చదివి వినిపించాను. బావ బోడి రాతిపలక మీద వెల్లకిలా పడుకుని, కళ్లలో నీళ్లు కారేదాకా నవ్వాడు.

విశాఖ నుంచి మనిషి వచ్చి కొత్త గుడ్డ బిగించాడు. మెట్ల మీద బకెట్టు నీళ్లూ సబ్బూ పెట్టాం. అందరికంటే ముందు చెయ్యి కడిగేది మామే, మోచేతుల దాకా తోముకునేవాడు. చిత్రం ఏమిటంటే, ఆ నెలంతా మా పాత ఆటగాళ్లు ఒక్క బంతీ సరిగా వేయలేకపోయారు. కిటికీ మూలలో బంతి గోడ వైపు తిరుగుతుందని రెండు వేళ్ల మేర పక్కకి గురి పెట్టి కొట్టడం అలవాటైపోయింది మరి. బంతి తిన్నగా వెళ్లడం మొదలుపెట్టేసరికి, బల్ల పాడైపోయిందని నాతో గొడవపడ్డారు.

మొన్న బావ ఏడాది కార్యానికి కాటా మామ చేతికర్రతో వచ్చాడు. భోజనాలయ్యాక నా పక్కన కూర్చుని ఆ ఆదివారం సంగతే ఎత్తాడు. తన తప్పు బావ నెత్తినేసుకోబోయాడని చెప్తూ కళ్లు తుడుచుకున్నాడు. మజ్జిగ గ్లాసు అందిస్తున్న అక్క, "ఆ గది నిలబడింది నా గంజి వల్లే మామా. ఆ రోజు ఇంటికొచ్చి ఆయనే సెప్పేరు, నీ గంజి నేకపోతే గది పోయేదని" అంది. ఆలోచిస్తే బావ ఆమెకి అబద్ధం చెప్పలేదు.

"గంజేటి?" అన్నాడు మామ, నా వైపు తిరిగి.

ఇక దాచి లాభం లేదు. చెప్పాను. మామ విన్నంతసేపూ తన అరచెయ్యి చూసుకుంటూనే ఉన్నాడు. "అయితే నేను పాడు సేసింది?" అన్నాడు. "ఓ మూల మామా. అరచేయంత." ఆయన నవ్వడం మొదలుపెట్టాడు, చేతికర్ర జారి కింద పడింది. అక్క కొంగు అడ్డం పెట్టుకుంది కానీ ఆగలేదు. బావ పోయాక ఆ ఇంట్లో అంత గట్టిగా నవ్వడం అదే మొదటిసారి. లోపలి గదిలోంచి చుట్టాలు ఏమైందంటూ వచ్చారు. మొదట్నుంచి చెప్పమని అక్క నన్నే అడిగింది. చెప్పాను. గంజి పరిచిన చోటికి వచ్చేసరికి నా గొంతులో కొంచెం గర్వం నాకే వినిపించింది. ఇన్ని చదివి, ఇన్నేళ్లు బతికి, ఒక ఇల్లంతా కలిసి నవ్వే పని నేను చేసింది ఆ శనివారం ఒక్కటే.