మఫ్లర్ చూసి స్కోరు తెలుసుకున్న గల్లీ

మా బావ పోయాడు. ఏప్రిల్ ఎండ ముదురుతున్న ఒక పొద్దున, నారాయణగూడలోని నా ఫ్రేముల దుకాణంలో ఎవరిదో పెళ్ళి ఫొటోకు అద్దం కోస్తుండగా చెల్లె ఫోన్ చేసింది. "అన్నా, దుకాణం బందు చేసి రా" అన్నది. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. సగం గీత పడిన అద్దాన్ని అక్కడే వదిలేసి లేచాను. సగంలో ఆగిన గీత మీద అద్దం మళ్ళీ సరిగ్గా విరగదు. ఆ ముక్క ఇంకా బల్ల మీదే ఉంది, తీయబుద్ధి కావడం లేదు.

పోయినవాళ్ళ ఫొటోల చుట్టూ కట్టె కట్టి బతికినవాణ్ణి నేను. చిక్కడపల్లిలో, అశోక్‌నగర్‌లో, కవాడిగూడలో ఎన్ని గోడల మీద నేను కొట్టిన మేకులున్నాయో నాకే తెలియదు. అయినా బావ ఫొటో చేతికి వచ్చినప్పుడు కొలత తీసుకోవడం నా వల్ల కాలేదు. ఎదుటి దుకాణం ఆయనను పిలిచి కొలిపించాను.

బావ అంటే రక్తసంబంధం అనుకోకండి. చిక్కడపల్లిలో ఒకే ఇంట్లో ఆయనది పై పోర్షను, నాది కింది పోర్షను. వాళ్ళు కిరాయికి దిగిన ఏడాదే రాఖీ పండుగనాడు ఆయన భార్య నా చేతికి రాఖీ కట్టి నాకు చెల్లె అయింది. సాయంత్రం ఆయన మెట్లు దిగివచ్చి, "ఇగ నువ్వు నాకు బామ్మర్దివి. మోటరు కాడ నీళ్ళకు కొట్లాడొద్దు, ఇజ్జత్ పోతది" అన్నాడు. ఆ తర్వాత కూడా కొట్లాడాం. కాకపోతే చుట్టాల్లాగా కొట్లాడాం.

ఆయన ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. వయసులో ఉన్నప్పుడు ఆ ఆఫీసు హాకీ జట్టుకు గోల్‌కీపర్. మన హాకీయే, మట్టి మీద ఆడేది. రిటైరై ఇంట్లో కూర్చున్నాక, రెండువేల తొమ్మిది చలికాలంలో ఒక పొద్దున, టీవీ రిమోట్ మీద ఏ బటన్ నొక్కాడో ఏమో, తెల్లటి మైదానం మీద కాళ్ళకు కత్తులు కట్టుకున్న మనుషులు హాకీ ఆడుతూ కనిపించారు. కెనడా నుంచి వస్తున్న ఐస్ హాకీ. వాళ్ళకు రాత్రి, మనకు పాలు కాగే వేళ. పైనుంచి నన్ను కేకేశాడు. "బామ్మర్దీ, ఉరికి రా. బంతి లేదు, రబ్బరు బిళ్ళ ఉన్నది. మట్టి లేదు, మంచుగడ్డ ఉన్నది."

మంచుగడ్డ అంటే నాకు తెలిసింది వేరు. చిన్నప్పుడు రిక్షాలో రంపపు పొట్టు కప్పుకొని వచ్చేది. చెరుకురసం బండివాడు దాన్ని గోనెసంచిలో వేసి కట్టెతో బాదేవాడు. పెళ్ళిళ్ళలో సోడా సీసాల మధ్య తేలేది. బడి చదువు నాకు ఐదో తరగతితోనే సరి. మిగతాదంతా చిక్కడపల్లి లైబ్రరీలో ఫ్యాను కింద కుర్చీ దొరికిన రోజుల్లో చదువుకున్నదే. అయినా మనుషులు ఆ గడ్డ మీద నిలబడి ఉరుకుతారని, ఉరుకుతూ తన్నుకుంటారని, తన్నుకున్నవాణ్ణి ఐదు నిమిషాలు పక్కన కూర్చోబెట్టి మళ్ళీ రానిస్తారని ఏ పుస్తకంలోనూ చదవలేదు. మన దగ్గర అదే తన్నులాటకు ఏళ్ళకేళ్ళు కోర్టు చుట్టూ తిప్పుతారు. సరే, అసలు సంగతికి వస్తాను.

ఆ మొదటి రోజే ఆయనకు జట్టు దొరికింది. దాని పేరు ఇక్కడ రాయను. ఆయన నోట ఏనాడూ ఆ పేరు రాలేదు, "మనోళ్ళు" అనేవాడు. ఆ రోజు మనోళ్ళు చిత్తుగా ఓడిపోయారు. అందరూ వెళ్ళిపోతుంటే వాళ్ళ గోల్‌కీపర్ మాత్రం వెనక్కి తిరిగి, గోల్ కడ్డీని చేతిలోని కర్రతో మెల్లగా ఒకసారి తట్టాడు. ఇంటికి తాళం వేసి, పడిందో లేదో అని ముట్టి చూసుకున్నట్టుగా.

"చూసినవా? అన్ని గోల్స్ తిని గూడ ఇల్లు మర్చిపోలే" అన్నాడు బావ. అంతే. ఐదు సీజన్లు ఆ ఒక్క తట్టుకే కట్టుబడి ఉన్నాడు.

మనోళ్ళ ఆట మీద ఆయన అభిప్రాయాలు మెట్ల మీద మొదలై మోటరు దగ్గర దాకా వచ్చేవి. డిఫెన్సు వాళ్ళు నల్లా దగ్గర బిందెల లెక్క ఒక్కచోటే జమవుతారు. వయసైపోయిన పెద్ద పేరున్నవాణ్ణి తెచ్చి నెత్తిన పెట్టుకుంటారు, "పేరు వచ్చి స్కేటింగ్ చేస్తదా?" కాని అసలు కోపం కోచ్ మీద. ఆ ఆటలో ఒక పద్ధతి ఉంది. ఓడిపోతున్న జట్టు చివరి నిమిషాల్లో గోల్‌కీపర్‌ను బయటికి పిలిచి, బదులు ఇంకొక ఆటగాణ్ణి గోల్ కొట్టడానికి పంపుతుంది. వెనక గోల్ ఖాళీగా ఉంటుంది. అందరు కోచ్‌లూ చేసేదే. మనోళ్ళ కోచ్ మరీ తొందరగా చేసేవాడని బావ ఫిర్యాదు.

"ఇంట్ల దొంగలు పడుతున్నరని కావలోణ్ణి బజారుకు తోలుతరా?"

"ఎట్లైనా ఓడుతున్నరు గద బావా, ఇంకొక్క గోల్ పడితే ఏంది?" అన్నాను ఒకసారి.

ఆయన నన్ను కిందినుంచి మీదికి చూశాడు. "నువ్వు ఫ్రేములు కట్టెటోనివి. నడుమ ఎవరున్నా లేకున్నా నీకొక్కటే, చుట్టు కట్టె ఉంటే చాలు."

ఆ మాటకు నేను మూడు రోజులు పైకి పోలేదు. నాలుగో రోజు ఆయనే సర్వపిండి పట్టుకొని దిగివచ్చి, నిన్నటి ఆట సంగతి మొదలుపెట్టాడు.

ఇక మఫ్లర్. ఆయన దగ్గుకు పనికొస్తుందని చెల్లె, చలికాలం రోడ్డు పక్కన స్వెట్టర్లు అమ్మేవాళ్ళ దగ్గర కొన్నది. నీలం, తెలుపు చారలు. అచ్చంగా మనోళ్ళ రంగులు. ఆమెకు ఆ సంగతి తెలియదు, లేదా తెలియదని అన్నది. మనోళ్ళు గెలిచిన పొద్దున ఆయన దాన్ని మెడకు చుట్టుకొని నారాయణగూడ మార్కెట్‌కు కూరగాయలకు పోయేవాడు. ఓడితే అది తలుపు వెనక మేకుకే వేలాడేది. మార్చి ఎండల్లో కూడా ఇదే నియమం. చెమటలు కారుతున్నా మఫ్లర్ తీసేవాడు కాదు. మా గల్లీలో ఐస్ హాకీ అంటే ఏమిటో తెలిసిన మనిషి లేడు. స్కోరు మాత్రం అందరికీ తెలుసు. మా గేటు పక్కన ఇస్త్రీ బండి పెట్టుకున్నాయన, బావ మెడ బోసిగా కనిపిస్తే, "ఏం సార్, ఇయ్యాల గూడ పాయెనా?" అనేవాడు.

"పోలే. గెలుపు జర ముందటికి జరిగింది" అనేవాడు బావ. ఆయన మాటల్లో నేను ఎక్కువసార్లు విన్నది ఇదే.

టీవీలో ఆట వస్తున్న రోజుల్లోనే ఒకసారి, సమయం అయిపోయేసరికి రెండు జట్లూ సమానంగా నిలిచాయి. చెల్లె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంది. "అయిపాయె గద, ఇగ లేచి టిఫిన్ తినుండ్రి" అన్నది.

"ఏడయిపోయింది? ఈ లీగ్‌ల సమానం అనేది లేదే. ఎక్స్‌ట్రా టైమ్ ఆడిస్తరు. అండ్ల గూడ తేలకపోతే ఒక్కొక్కణ్ణి కీపర్ మీదికి తోలుతరు. ఎవడో ఒకడు ఓడాలె."

ఆమె గిన్నె పక్కకు పెట్టింది. "అదేం ఆట? ఇద్దరు గంత మంచిగ ఆడిన్రు. ఇద్దరిని ఇంటికి పంపితే ఏం పోతది?"

"లీగ్ నడువది."

"నడువకపోతే నడువకపాయె."

నేను నవ్వాను. బావ నవ్వలేదు. కాసేపు ఆలోచించి, "నిన్ను కోచ్‌గ పెడితే మాత్రం కీపర్ ఎన్నడు గోల్ ఇడిచి పోడు" అన్నాడు. ఆ మాట విని చెల్లె మళ్ళీ ఈనెలు తీయడంలో పడింది. పెదవుల మీద నవ్వు మాత్రం దాచుకోలేకపోయింది.

ఒక ఏడు అక్కడ యజమానులకూ ఆటగాళ్ళకూ జగడం వచ్చి, సగం చలికాలం గడిచేదాకా సీజను మొదలే కాలేదు. మన దగ్గర బందులు, రాస్తారోకోలు అలవాటైపోయిన కాలం. బావ నమ్మలేకపోయాడు. "గంత మంచుల గూడ బందేనా?" అన్నాడు. మఫ్లర్ మేకుకే ఉండిపోయింది. దగ్గు ముదిరింది ఆ చలికాలమే. ఈ రెంటికీ సంబంధం ఉందని నేను అనను. చెల్లె అంటుంది.

ఆ తర్వాత టీవీలో ఆ చానల్ కూడా రాకుండా పోయింది. బావ అశోక్‌నగర్‌లో ఒక నెట్ సెంటర్ వెతుక్కున్నాడు. అక్కడికి వచ్చేవాళ్ళంతా జిల్లాల నుంచి వచ్చి, హాస్టళ్ళలో ఉంటూ సర్కారు కొలువుల పరీక్షలకు చదువుకునే పిల్లలు. ఈయన మూల కంప్యూటర్ ముందు కూర్చొని, అంకెలు మాత్రమే మారే ఒక పేజీని సినిమా చూసినట్టు చూసేవాడు. నేను పక్కన నిలబడేవాణ్ణి.

"తాతా, జర లెవ్వు. హాల్‌టికెట్ తియ్యాలె."

"ఆగు బిడ్డా. మా కోచ్ కీపర్‌ను తీస్తడా లేదా చూసి లేస్త."

"గీ ఆటల టీమ్‌కు ఎంతమంది తాతా? ఎగ్జామ్ల అడుగుతరా?"

"ఆరుగురు. అండ్ల ఒకడు కీపర్. గీ సంగతి నీకు ఎరుకైంది, మా కోచ్‌కు ఇంకా ఎరుక కాలే."

ఐదో సీజను వచ్చింది. నాలుగేళ్ళుగా మనోళ్ళు పై రౌండు మొహం చూడలేదు. ఈసారి ఆఖరి ఆట దాకా లాక్కొచ్చారు. గెలిస్తే పై రౌండు, ఓడితే ఇంటికి. సరిగ్గా ఆ వారమే బావకు ఊపిరి అందక, నా దుకాణానికి దగ్గర్లోని ఒక నర్సింగ్‌హోంలో చేర్చాం. ఊపిరితిత్తుల్లో ఇక ఏమీ మిగల్లేదని డాక్టరు నాకూ చెల్లెకూ వరండాలో చెప్పాడు. బావకు ఎవరమూ చెప్పలేదు. ఆయన కూడా అడగలేదు. ఆయన అడిగింది ఒక్కటే.

"బామ్మర్దీ, ఆఖరి ఆట స్కోరు నాకు తేవాలె. ఓడితే, ఎట్ల ఓడిన్రో గూడ చెప్పాలె. ఊకె ఓడిన్రని చెప్పి కూసోవద్దు."

ఆ పొద్దున నేనొక్కణ్ణే నెట్ సెంటర్‌కు పోయాను. బయట ఎన్నికల ఆటోలు మైకులతో తిరుగుతున్నాయి. అంకెలు మారే పేజీ ముందు ఆయన కుర్చీలో కూర్చున్నాను. మనోళ్ళు ఒక్క గోల్ వెనక ఉన్నారు. ఇంకా రెండు నిమిషాలకు పైగా ఉండగానే కోచ్ కీపర్‌ను బయటికి పిలిచాడు. కాసేపటికి అవతలివాళ్ళు ఖాళీ గోల్‌లోకి ఇంకొకటి కొట్టారు. అంకె మారింది. ఐదేళ్ళు ఆయన తిట్టింది దేన్నో, సరిగ్గా అదే జరిగింది.

నా వెనక ఒక అబ్బాయి నిలబడి ఉన్నాడు. "తాత రాలేదా?" అన్నాడు.

"తాతకు బాగలేదు బిడ్డా."

అతడు హాల్‌టికెట్ మాట ఎత్తలేదు. నేను లేచేదాకా అట్లాగే నిలబడ్డాడు.

నర్సింగ్‌హోం మెట్ల మీద చెల్లె ఎదురైంది. చేతిలో ఫ్లాస్కు, సంచీ. నా మొహం చూసి, "ఏమైంది?" అన్నది.

"పాయె చెల్లె."

ఆమె రెండు మెట్లు ఎక్కి ఆగింది. "నువ్వు చెప్పకు అన్నా. నేను చెప్త."

గదిలో బావ కళ్ళు తలుపు మీదే ఉన్నాయి. మూతికి ఆక్సిజన్ మాస్కు. చెల్లె ఫ్లాస్కు పెట్టి, దుప్పటి సర్ది, అప్పుడు చెప్పింది. "సమానమైంది."

ఆయన ఆమెను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను గోడకున్న మేకును చూస్తున్నాను.

"ఎంతెంత?" అన్నాడు మాస్కులోంచి.

"మూడు మూడు."

"మంచిగ ఆడిన్రన్నట్టు" అన్నాడు.

"ఇద్దరు మంచిగ ఆడిన్రు."

ఆమె సంచీలోంచి మఫ్లర్ తీసింది. పొద్దున్నే, ఏదైనా కావచ్చునని, పెట్టుకొని వచ్చినట్టుంది. గెలిస్తే మెడకు, ఓడితే మేకుకు. దీనికి ఏం చేయాలో ఆ ఇంట్లో నియమం లేదు. కాసేపు పట్టుకొని నిలబడి, ఆయన మోకాళ్ళ మీద పరిచి, చారలు సాఫు చేసింది. తర్వాత మందుల చీటీ తీసుకొని కిందికి పోయింది.

బావ మాస్కు పక్కకు జరిపాడు. "ఆ లీగ్‌ల సమానం బందై ఏండ్లాయె. ఎవ్వనికి దొరకనిది నాకొక్కనికి దొరికింది, చూసినవా?"

నేను మాస్కు సర్దబోతే చేత్తో ఆపాడు.

"కీపర్‌ను తీసిండా?"

తల ఊపాను.

"ఖాళీ గోల్‌ల పడ్డదా?"

ఊపాను. ఎట్లా ఓడారో చెప్పమన్నాడు కదా, ఆ చెప్పడం అట్లా అయింది. ఆయన కోచ్‌ను ఏమీ అనలేదు. కళ్ళు మూసుకున్నాడు. చేయి పక్కకు జారి మంచం కడ్డీకి తగిలింది. ఆ కడ్డీని వేళ్ళతో మెల్లగా ఒకసారి తట్టాడు.

ఆ మర్నాడే చెల్లె ఫోన్.

దినాలు అయ్యాక ఒక సాయంత్రం పైకి పోయాను. చెల్లె టీ పెట్టి ఇచ్చింది, అలవాటుకొద్దీ మూడు కప్పులు తీసి ఒకటి లోపల పెట్టేసింది. దాచడం నాకు చేతకాక చెప్పేశాను. "చెల్లె, ఆ రోజు స్కోరు సంగతి బావకు తెలుసు."

"తెల్వక? ఐదేండ్లు నా చెవులు చిల్లులు పొడిసిండు. సమానం లేదని నాకు తెల్వదా?" అన్నది. కప్పు అంచు మీద వేలు తిప్పుతూ కూర్చుంది. "గెలిచిన్రంటే, మల్ల ఆట ఎప్పుడని ఊపిరి లేకున్న ఊపిరి బిగవట్టుకుంటడు. ఓడిన్రంటానికి నా నోరు రాలే. అందుకే ఇద్దరిని ఇంటికి పంపిన అన్నా."

నేను కిందికి దిగివచ్చాను. గేటు దగ్గర నిలబడి పైకి చూస్తే, దండెం మీద మఫ్లర్ ఉంది. ఉతికి ఆరేసింది. ఇస్త్రీ బండి ఆయన కూడా తలెత్తి దాన్ని చూశాడు, నోరు తెరిచి ఏదో అడగబోయి, నా మొహం చూసి మళ్ళీ ఇస్త్రీ పెట్టె అందుకున్నాడు. మే నెల ఎండ. నీలం కొంచెం తెలుపులోకి దిగింది. రెండు కొసలూ ఒక్క ఎత్తులో వేలాడుతున్నాయి, ఒక్కొక్క కొస నుంచి నీళ్ళ చుక్కలు మెట్ల మీద పడుతున్నాయి.