రేడియంలో పాకిన ద్రాక్షతీగ

మొన్న గుడివాడలో చుట్టాల పెళ్లికి వెళ్లి వస్తూ బస్టాండు దగ్గర ఆటో ఎక్కబోతుంటే, దాని వెనక అద్దం మీద స్టిక్కరు అక్షరాల అంచులు ఎలుక కొరికినట్టు కనిపించాయి. అలవాటు చొప్పున గోటితో తడిమి చూశాను. "రేడియం ఊడిపోద్దండీ, గోకకండి" అన్నాడు ఆటో అతను. ఆ అంచు అలా ఎందుకు వచ్చిందో నాకు బాగా తెలుసు. దారి పొడవునా బందరులోని మా పాత కొట్టే కళ్ల ముందు మెదిలింది.

మావారు బోర్డులు రాసేవారు. రేడియం స్టిక్కర్లు వచ్చి కుంచె పని సన్నగిల్లాక, ఆ రేడియం కోసే మిషనొకటి సెకండ్ హ్యాండులో తెచ్చి కొట్లో పెట్టాం. కంప్యూటరు ముందు కూర్చోవడం ఆయనకు చేతకాలేదు. పెళ్లికి ముందు టైపు నేర్చుకున్న ధైర్యంతో మౌసు నేను పట్టుకున్నాను. బళ్లకు నంబర్లూ, లారీలకు పేర్లూ కోసిస్తూ రోజులు గడుపుతుండగా, దివిసీమ నుంచి ఒక పాస్టరుగారు వచ్చారు.

వాళ్ల పాత ప్రార్థన మందిరం గోడ మీద మా మామగారు వయసులో ఉండగా ఒక ద్రాక్షతీగ వేశారట. ఆ గోడ పడగొట్టి కొత్త మందిరం కట్టారు. తీగకు మిగిలింది ఒక్క ఫొటో. "అద్దాల తలుపుల మీద అదే తీగ కావాలమ్మా. మా పెద్దవాళ్లు దాని ముందే మోకరించినవాళ్లు" అన్నారు పాస్టరుగారు. వచ్చే ఆదివారమే మందిర ప్రతిష్ఠ.

ఫొటో స్కాన్ చేసి కంప్యూటరులో ట్రేస్ బొత్తాం కొడితే నిమిషంలో తీగంతా గీతలై తెర మీద నిలబడింది. ఇంత సులువా అని మురిసిపోయాను. తీరా కోతకు పెట్టాక బ్లేడు నత్తినత్తిగా కదిలింది, ఆకుల అంచులు రంపం పళ్లలా లేచాయి, అక్కర్లేని రేడియం పీకుతుంటే సన్నటి నులితీగలన్నీ దాని వెంటే ఊడొచ్చేశాయి. మిగిలిన ఆకుపచ్చ రేడియం ఇంకొక్కసారికే సరిపోతుంది. "విజయవాడ పంపించేద్దాం. అక్కడ పెద్ద షాపులున్నాయిగా" అన్నారు మావారు, నా వైపు చూడకుండా. తన తండ్రి చేతిపనిని నా చేతకానితనం వల్ల పరాయివాళ్లకు అప్పగించాల్సి వస్తోందని ఆయన మొహంలోనే తెలిసింది. రెండు రోజులు గడువు అడిగాను.

మర్నాడు పొద్దున మావారి స్నేహితుడు, పెడనలో కలంకారీ అచ్చులు చెక్కే సాయిబుగారు టీ వేళకు వచ్చారు. తెర మీద గీతల నిండా ఆవాలు చల్లినట్టున్న చుక్కల్ని చూసి అవేమిటని అడిగారు. బ్లేడు ఒక్కో చుక్కనూ పట్టుకుని నడుస్తుందని చెప్పాను. ఆయన నవ్వారు.

"ఇన్నెందుకు చెల్లెమ్మా? ఉలి ఆగిన చోటల్లా గాటు పడుద్ది. వంపు తిరిగే చోట ఆగు చాలు, మిగతాది వంపే లాక్కుపోద్ది."

అంతే, నా కళ్లు తెరుచుకున్నాయి. గోడ మీద రాలిన సున్నాన్నీ, బీటల్నీ కూడా ఆ ట్రేస్ తీగలో భాగమనుకుని గీసింది. దాన్నంతా చెరిపేసి, ఫొటోను అడుగున పెట్టుకుని, ఒక్కో ఆకునూ నాలుగైదు చుక్కలతో మళ్లీ గీశాను. ఆకు కాడ మీదికి వచ్చిన చోట రెండు గీతలూ వదిలేస్తే బ్లేడు అడ్డంగా కోసి ఆకును రెండు ముక్కలు చేస్తుంది కాబట్టి వాటిని కలిపి ఒకే గీత చేశాను. నులితీగల్ని వెంట్రుకవాసి లావు చేశాను. ముందు చిన్న ముక్క మీద ఒక్క ఆకు కోసి చూసుకుని, అప్పుడు మొత్తం తీగను మిషనుకి ఎక్కించాను.

ఈసారి బ్లేడు నీళ్లలో పడవలా సాగింది. సూదితో అంచు లేపి లాగితే, అక్కర్లేని రేడియమంతా ఒకే పొరగా వచ్చేసింది. తీగ మొత్తం, చివరి నులి వరకూ, కాగితం మీద నిలిచింది. మావారు చప్పుడు చేయకుండా వచ్చి ఒక ఆకు అంచు వెంట వేలు పోనిచ్చి, "నాన్న చెయ్యే" అన్నారు. శనివారం మేమిద్దరమే వెళ్లి అంటించాం. ఆదివారం ఆ తలుపులు తెరవబోతూ ముసలమ్మలు ఆగి, చేత్తో తడిమి, కళ్లు తుడుచుకుంటుంటే, కృష్ణా జిల్లాలో నాకంటే గొప్ప పనిమంతురాలు లేదన్నంత గర్వంగా నిలబడ్డాను.

ఇప్పుడు కంప్యూటరే ఆ చుక్కల్ని క్షణంలో ఏరేస్తుందట. మంచిదే, ఎవరి నడుమూ నొప్పి పుట్టదు. నేను కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికే మామగారు లేరు. ఆయన కుంచె ఎక్కడ ఆగిందో, ఎక్కడ తిరిగిందో వెతుక్కుంటూ కూర్చున్న ఆ రెండు రోజులే ఆయనతో నాకున్న పరిచయం. పని అంత నెమ్మదిగా జరిగే కాలం కాబట్టి గానీ, లేకుంటే ఆయన నాకెలా తెలిసేవారు?